మక్కు పేరు ఎవరూ ఎత్తరు

కొండపల్లిలో బొమ్మలు కొనడానికొచ్చినవాళ్ళు "ఇవి దేనితో చేస్తారండీ?" అని అడుగుతుంటారు. "పొనికి చెక్క, రంగులు" అని చెబుతారు చేసేవాళ్ళు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ బొమ్మకి చెయ్యి భుజం దగ్గర, తల మెడ దగ్గర ఊడకుండా నిలిచేది మక్కు వల్ల. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, నూరి, రంపప్పొట్టు కలిపితే వచ్చే ముద్ద అది. అతుకులన్నీ దాని కింద మాయమైపోతాయి. అయినా దాని పేరు ఎవరూ ఎత్తరు. దాచిపెట్టాలని కాదు, అదొక చెప్పవలసిన వస్తువని ఎవరికీ తోచదు.

వెంకటరత్నమ్మ ఆ ఇంటికి కోడలుగా వచ్చిన వారానికే అత్తగారు ఆమె చేతికి ఇనప రోకలి ఇచ్చింది. రోలూ ఇనపదే. రైల్వేలో ఫిట్టరుగా చేసిన చుట్టమొకాయన పాత ఇరుసు ముక్కని తొలిచి చేసిపెట్టాడట. చింతగింజల దెబ్బకి రాతిరోలు పెచ్చులూడి, ఆ ఇసుక ముద్దలో కలుస్తోందని ఆ ఏర్పాటు. ముప్పై ఎనిమిదేళ్ళుగా భర్త పుల్లయ్య చెక్కుతాడు, ఆమె నూరుతుంది, అతికిస్తుంది, పైన సుద్ద పూస్తుంది. మేక వెంట్రుకల కుంచె పట్టుకుంటే ఆమె చెయ్యి గీత దాటదు.

పద్నాలుగేళ్ళ కిందట, బొమ్మల పని సన్నగిల్లినప్పుడు, మైలవరం రోడ్డులో ఉన్న ఒక ఇంజనీరింగు కాలేజీలో ఊడ్చే పనికి కుదిరింది. ఊడ్చే మనిషి కాస్తా గాజు సామాను కడిగే మనిషయింది. ఆ తర్వాత కెమిస్ట్రీ ల్యాబులో అటెండరయింది. పనితనం చూసి తీసుకున్నామని ప్రొఫెసరు హుమాయూన్ గారు అంటారు. ఆమె ప్రశ్నలు భరించలేక, దగ్గర పెట్టుకుంటే మేలని తీసుకున్నారని మిగతావాళ్ళు అంటారు. సీసా కడగడానికి ఇస్తే, ఇందులో ఏముండేదో, నీళ్ళు తగిలితే ఎందుకు తెల్లబడిందో తెలుసుకోకుండా ఆమె దాన్ని బోర్లించేది కాదు.

నాలుగేళ్ళ కిందట విజయవాడ పటమట నుంచి రుచిత అనే అమ్మాయి ఆ ల్యాబులో పరిశోధనకి చేరింది. సన్నటి పిల్ల. కళ్ళద్దాలు ముక్కు మీద నిలవవు, మాట నోట్లో నిలవదు. చేరిన రోజే వెంకటరత్నమ్మని "పిన్నిగారూ" అని పిలవడం మొదలుపెట్టింది.

"నువ్వు చేసే పనేమిటమ్మాయ్?" అని అడిగింది వెంకటరత్నమ్మ.

"మీ ఊళ్ళో థర్మల్ స్టేషను గొట్టాలున్నాయి కదా. వాటిలోంచి వచ్చే పొగలో కంటికి కనబడని గాలి ఒకటుంటుంది. కార్బన్ డయాక్సైడు. మనం వదిలే ఊపిరిలోనూ ఉంటుంది. అందులో ఒక బొగ్గు పరమాణువు, రెండు ఆక్సిజన్లు. కరెంటు పెట్టి ఒక ఆక్సిజన్ ఊడబీకామనుకోండి, మిగిలిన గాలితో పెట్రోలు చెయ్యొచ్చు, ప్లాస్టిక్కు చెయ్యొచ్చు."

"అంత సుళువుగా ఊడొస్తుందా?"

"రాదు. అందుకే నాలుగేళ్ళు పడుతుందంటున్నారు."

వెంకటరత్నమ్మ తుడిచిన బీకరుని బల్ల మీద పెట్టింది. "మరి ఆ కరెంటు మా గొట్టాల కిందే కదా పుడుతోంది? పొగ వదిలి కరెంటు చేసి, ఆ కరెంటుతో పొగని విడదీస్తే ఒరిగేదేముంది?"

పక్క గదిలోంచి హుమాయూన్ గారి నవ్వు వినిపించింది. "రుచితా, నీ థీసిస్ వైవాలో మొదటి ప్రశ్న వచ్చేసిందమ్మా! రత్నమ్మ గారూ, దీన్ని నడపాల్సింది ఎండ కరెంటుతోనండి. లేకపోతే మీరన్నట్టే అవుతుంది."

ఆ రోజు నుంచి బస్సు కిటికీలోంచి ఆ గొట్టాల్ని చూసే చూపు మారింది ఆమెకి. అంతకుముందు అవి ఆరేసిన బట్టల మీద బూడిద పడే రోజుల్లోనే గుర్తొచ్చేవి. ఇప్పుడు వాటి నెత్తిన ఉన్న తెల్లటి పొగ పక్కన కనబడనిది ఎంత ఉందో అని వెతికేది.

రుచిత పని చూడ్డానికి వింతగా ఉండేది. స్వెట్టర్ల నూలు చేసే రకం ప్లాస్టిక్ పొడిని కరిగించి, తేనెలా చేసి, సూదిలోకి ఎక్కించేది. సూదికి పదిహేను వేల వోల్టుల కరెంటు. ఎదురుగా తిరిగే డ్రమ్ము మీద అల్యూమినియం రేకు. సూది చివర బొట్టు సాగి, కంటికి ఆనని పోగై, వణుకుతూ పోయి డ్రమ్ముకి చుట్టుకునేది. వెంట్రుకని రెండు వందల పాయలు చీలిస్తే అందులో ఒక పాయంత సన్నం. రెండు గంటలకి తెల్లటి మీగడలాంటి గుడ్డ తేలేది. దాన్ని ఊడదీసి కొలిమిలో మెల్లగా కాల్చితే గోధుమరంగుకి తిరిగి, నైట్రోజన్ గాలిలో తొమ్మిది వందల డిగ్రీల దాకా తీసుకెళితే నల్లటి బొగ్గు గుడ్డ అయ్యేది. నానోఫైబర్ అనేవాళ్ళు దాన్ని. ఆ గుడ్డ ముక్కని ఉప్పునీళ్ళలో ముంచి, కరెంటు కలిపి, కింద నుంచి కార్బన్ డయాక్సైడు బుడగలు వదిలితే, పని జరగాల్సింది ఆ నల్లటి పోగుల మీదే.

కానీ గుడ్డ అక్కడిదాకా వస్తే కదా. కొలిమిలో పెట్టిన ప్రతి గుడ్డా నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుని, చేత్తో తాకితే పొడైపోయేది. మొదటి ఏడాది అంతా అదే వరస. ఒక రోజు పదకొండో గుడ్డ కూడా ముక్కలై వచ్చింది. రుచిత స్టూలు మీద కూలబడి కళ్ళద్దాలు తీసేసింది.

"పిన్నిగారూ, మీకు దణ్ణం పెడతాను. కాల్చే పని మీరే చూడండి. ఏం చేస్తారో నాకు చెప్పొద్దు, నేను అడగను. చదునుగా వస్తే చాలు."

ఆ మాట విసుగులో అన్నదే. వెంకటరత్నమ్మ మటుకు దాన్ని పని ఒప్పజెప్పడంగానే తీసుకుంది. పల్చటి చెక్కపలక ఎండలో వంకరపోకుండా తన ఇంట్లో ఏం చేస్తారో అదే చేసింది. నూరిన చింతగింజల ముద్దని నీళ్ళలో మరిగించి, వడగట్టి, గంజిలాగ పల్చగా చేసి, చిన్న సీసాలో పోసి తెచ్చింది. మేక వెంట్రుకల కుంచెతో గుడ్డ మీద ఒక్క చెయ్యి పూసి, నీడలో ఆరనిచ్చి, రెండు పింగాణీ పలకల మధ్య పెట్టి కొలిమిలోకి తోసింది.

గుడ్డ ఇస్త్రీ చేసిన జేబురుమాలులా వచ్చింది.

"ఏం మాయ చేశారండీ!" అని రుచిత ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

"మాయేముంది, కాస్త సాపు చేసి పెట్టాను" అంది వెంకటరత్నమ్మ. గంజి సంగతి చెప్పలేదు. చెప్పకూడదని కాదు. మక్కు పేరు ఎవరూ ఎత్తరు, అంతే. రుచిత తన నోటుబుక్కులో "పలకల మధ్య చదును చేసి కాల్చడమైనది" అని రాసుకుంది.

ఆ గుడ్డ పనిచేసింది. మామూలుగా పనిచెయ్యడం కాదు. పెట్టిన కరెంటులో నూటికి ఎనభై వంతులు ఆక్సిజన్ ఊడబీకే పనికే ఖర్చవుతోందని తేలింది. గాలిని పరీక్షించే యంత్రం తెర మీద, నాలుగో నిమిషం దాటగానే ఒక గీత కొండలా లేచేది. ఆ కొండే కావలసిన గాలి.

వెంకటరత్నమ్మకి సందేహం వచ్చి, "ఆ గాలి గుడ్డలోంచే కాలి వస్తోందేమో, పొగలోంచి కాకుండా?" అని అడిగింది.

"మంచి ప్రశ్న" అన్నారు హుమాయూన్ గారు. "కార్బన్ డయాక్సైడు ఆపేసి ఆర్గాన్ అనే వేరే గాలి వదిలి చూశాం. కొండ రాలేదు. కాబట్టి పొగలోంచే వస్తోంది."

మిగతావాళ్ళు ఈ పనికి వెండి, బంగారం వాడతారు. ఏ లోహమూ లేకుండా వట్టి బొగ్గు పోగులతో ఇంత పని జరగడం అబ్బురం. రుచిత రాసిన వ్యాసం పేరులోనే "లోహరహిత" అనే మాట ఉంది. వ్యాసం అచ్చయినప్పుడు చివర కృతజ్ఞతల్లో వెంకటరత్నమ్మ పేరు వేసింది. ఆ కాగితం పుల్లయ్య ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించాడు. "చదవడం రాదు గాని నా పేరు కూడా ఎక్కడో ఉండే ఉంటుంది చూడండి" అనేవాడు.

అదంతా పోయిన వేసవి మాట. ఈ వేసవిలో వెంకటరత్నమ్మ కుడికంటికి శుక్లం తీయించుకుని మూడు వారాలు ఇంట్లో ఉంది. తిరిగి ల్యాబుకి వెళ్ళేసరికి రుచిత మొహం పీక్కుపోయి ఉంది.

"ఏమైందమ్మా, జ్వరమా?"

రుచిత ఫోనులో ఒక ఉత్తరం చూపించి, తనే తెలుగులో చెప్పింది. వేరే రాష్ట్రంలో ఉన్న ఒక ల్యాబు వాళ్ళు ఆ వ్యాసం చదివి, అందులో ఉన్నది ఉన్నట్టు మూడుసార్లు చేశారట. మూడుసార్లూ వట్టి హైడ్రోజనే వచ్చిందట. నీళ్ళు విడిపోతున్నాయి గాని పొగ విడిపోవడం లేదు. పత్రిక వాళ్ళకి కూడా రాశారు. నెలాఖరులోగా జవాబు చెప్పాలి.

"వాళ్ళకి చేతకాలేదేమో."

"నాకూ చేతకావడం లేదు పిన్నిగారూ. మీరు లేనప్పుడు ఐదు గుడ్డలు చేశాను. గ్రాఫైటు పలకలు కొత్తవి వచ్చాయి కదా, వాటి మధ్య పెడితే చక్కగా చదునుగానే వచ్చాయి. ఒక్కదానికీ కొండ లేవలేదు." ఆమె ఫోను బోర్లా పెట్టేసింది. "అంకెలు కల్పించానంటారు. పేరులో ఒకసారి ఆ మచ్చ పడితే ఇంక ఎక్కడా... నిన్న సార్ కూడా తలుపేసి, 'నిజం చెప్పమ్మా' అని అడిగారు. ఆయన అలా అడగాల్సొచ్చింది చూడండి, అదే..."

వెంకటరత్నమ్మ బల్ల కిందికి చూసింది. వ్యాసంలో లేనిది, తన దగ్గర ఉన్నది ఒకటుంది. గంజి సీసా బల్ల కింద అరలో, పాత టవలు వెనక అలాగే ఉంది.

వెంటనే చెప్పెయ్యొచ్చు. నోరు రాలేదు. ఎవరినీ అడక్కుండా గుడ్డకి ఏదో పూసిందన్న భయం ఒకటి. అంతకంటే, గంజికీ పొగకీ ఏం సంబంధం అన్న ఆశ్చర్యం ఎక్కువ. బట్టకి పెట్టే గంజి అది. తొమ్మిది వందల డిగ్రీల్లో కాలిపోయే గంజి. అది ఎలా చేస్తుంది ఇంత పని? చెబితే నవ్వుతారేమో. ముందు తను చూసుకుని చెప్పాలి.

ఆ వారం రెండు గుడ్డలు కాల్చింది. ఒకదానికి గంజి పూసింది, ఒకదానికి పూయలేదు. రెండూ గ్రాఫైటు పలకల మధ్యే పెట్టింది. పూసినదానికి ఒక మూల గోటితో చిన్న నొక్కు చేసి గుర్తు పెట్టుకుంది. రెండూ రుచిత చేతికి ఇచ్చి స్టూలు మీద కూర్చుంది.

నొక్కు లేనిది మొదట పెట్టారు. నాలుగో నిమిషం వచ్చింది, పోయింది. గీత చెరువులో నీళ్ళలా బల్లపరుపుగా ఉంది. రెండోది పెట్టారు. వెంకటరత్నమ్మ కొత్త కన్ను మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, పాత కంటితోనే తెర చూసింది. గీత లేచింది. ఎప్పటిలాగే నిటారుగా లేచింది.

"వచ్చింది!" అని రుచిత అరిచింది. గదంతా తిరిగింది. వెంటనే కంప్యూటరు ముందు కూర్చుంది. "ఇప్పుడే రాస్తాను వాళ్ళకి. మాకు వస్తోంది, లోపం మీ చేతుల్లో ఉంది అని..."

"ఆగమ్మాయ్" అంది వెంకటరత్నమ్మ.

లేచి వెళ్ళి, పాత టవలు వెనక నుంచి సీసా తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టింది. "లోపం వాళ్ళ చేతుల్లో లేదు. ఇదిగో, ఇది వాళ్ళకి లేదు."

"ఏమిటిది?"

"చింతగింజల గంజి. మొదటి రోజు నుంచీ పూస్తున్నాను."

రుచిత సీసా వంక, ఆమె వంక మార్చి మార్చి చూసింది. "చింతగింజలా! మూడేళ్ళుగా నా శాంపిల్స్‌కి చింతగింజలు పూస్తున్నారా మీరు! ఒక్క మాట చెప్పాలి కదండీ!"

"ఏం చేస్తారో చెప్పొద్దన్నావు కదమ్మా" అంది ఆమె. అని వెంటనే తల దించుకుంది. "నీ మీద పెట్టడం లేదు. నువ్వనకపోయినా చెప్పేదాన్ని కాదేమో. మా ఇళ్ళలో అదొక సంగతి అని చెప్పుకోరు."

గొడవ విని వచ్చిన హుమాయూన్ గారు సీసా మూత తీసి వాసన చూశారు. "రత్నమ్మ గారూ, మీరు ఇవాళ చేసింది తెలుసా? దాన్నే మేం కంట్రోల్ ఎక్స్‌పెరిమెంట్ అంటాం. చేస్తే మెచ్చుకుంటాం. చెప్పకుండా చేస్తే మెచ్చుకోం" అన్నారు. తర్వాత రుచితతో, "గంజి పెట్టి మళ్ళీ చెయ్యి. ఈసారి మొత్తం నీ చేతులతో" అన్నారు.

రుచిత మర్నాడు విజయవాడ వన్‌టౌన్‌లో చింతగింజల పొడి పొట్లం కొనుక్కొచ్చింది. మిల్లులో పట్టిన పొడి, మెత్తగా, తెల్లగా ఉంది. వెంకటరత్నమ్మ చెప్పినట్టే మరిగించింది, వడగట్టింది, పూసింది. గుడ్డ చదునుగానే వచ్చింది. కొండ మాత్రం రాలేదు.

రెండోసారీ రాలేదు. నెలాఖరుకి పదకొండు రోజులున్నాయి.

"ఇంకా ఏదో ఉంది. మీరు చెప్పడం లేదు" అంది రుచిత. గట్టిగా అనలేదు. నేల చూస్తూ అంది.

ఆ మాటకి వెంకటరత్నమ్మకి బస్సెక్కాక నొప్పి పుట్టింది. తన దగ్గర ఇంకేమీ లేదు. ఉన్నదంతా చెప్పేసింది. మరి ఎందుకు రాలేదు? నొప్పి వెనక నుంచి ఆ ప్రశ్న తల ఎత్తింది. ఇల్లు చేరేసరికి నొప్పి కంటే అదే పెద్దదయింది.

పుల్లయ్య వాకిట్లో ఏనుగు అంబారీ చెక్కుతున్నాడు. "ఏమే, శాస్త్రవేత్త గారూ! మక్కు అయిపోయింది. ఏనుక్కి తొండం లేదు. మీ కాలేజీ వాళ్ళ గుడ్డలకి పెడతావు గాని నా ఏనుక్కి పెట్టవా?"

"నూరుతాలే" అని రోలు ముందు కూర్చుంది. సంచిలో రుచిత ఇచ్చిన పొడి పొట్లం మిగిలి ఉంది. అదెందుకు పారెయ్యడమని కొంచెం నీళ్ళు పోసి ముద్ద చేసింది. పక్కనే తను నూరిన ముద్ద. చూసింది. కొత్త కన్ను రంగుల్ని విడదీసి చూపిస్తోంది ఈ మధ్య. కొట్టు పొడి ముద్ద పాలలా ఉంది. తనది బూడిద రంగులో ఉంది.

"ఏమయ్యా, మన మక్కు ఎప్పుడూ ఇట్లా నల్లగానే ఉంటదా?"

"నల్లగా ఏంటి, మక్కు రంగులోనే ఉంది."

"కాదు, చూడు."

"ముప్పై ఎనిమిదేళ్ళు నూరి ఇప్పుడు చూస్తున్నావా? డాక్టరు కన్ను బాగానే పెట్టినట్టున్నాడు" అన్నాడు గాని ఉలి పక్కన పెట్టి వచ్చి వంగి చూశాడు. రోకలి మొనని బొటనవేలితో రాశాడు. వేలు నల్లబడింది. "దీనిదే. అరుగుతది కదా. మా అమ్మ నాడు రోకలి ఇంకా బెత్తెడు పొడుగుండేది."

బెత్తెడు రోకలి ఎక్కడికి పోయిందో వెంకటరత్నమ్మకి అప్పుడు తట్టింది. ఏనుగుల తొండాల్లోకీ, అంబారీల కాళ్ళలోకీ పోయింది. రుచిత గుడ్డల్లోకీ పోయింది.

ఆ పూట ఇంట్లోని గింజల్లోంచి గుప్పెడు తీసి రెండు వాటాలు చేసింది. ఒక వాటా ఇనపరోట్లో, ఒక వాటా పక్కింటి మణెమ్మ దగ్గర అడిగి తెచ్చిన రాతి సన్నికల్లు మీద నూరింది. మణెమ్మ గోడ మీంచి, "రోలు పెట్టుకుని సన్నికల్లు అడగడమేంటి వదినా?" అంటే, "పందెం పెట్టాను, ఏది గెలుస్తుందో రేపు చెబుతా" అంది.

మర్నాడు రెండు సీసాలూ బల్ల మీద పెట్టింది. ఈసారి ఏమీ దాచలేదు. ఏది దేనిలో నూరిందో కాగితం ముక్క అంటించి ఇచ్చింది. హుమాయూన్ గారు ఆ కాగితాలు పీకేసి, తనకి మాత్రమే తెలిసేలా అంకెలు వేసి, రుచితకి ఇచ్చారు. "ఏది ఏదో నీకు తెలియకూడదు. అప్పుడే నీ మీద ఎవరూ మాట అనలేరు."

రెండు రోజులకి రెండు గుడ్డలూ తయారయ్యాయి. ఒకటో నంబరు: గీత పడుకునే ఉంది. రెండో నంబరు: కొండ లేచింది.

హుమాయూన్ గారు జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచారు. రెండు, ఇనపరోలు.

"ఇనుము" అన్నారాయన. ఆ మాటని నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నట్టు మళ్ళీ అన్నారు. "ఇనుము! గుడ్డలో నైట్రోజన్ ఉంది. కాలేటప్పుడు ఇనుము ఒక్కో పరమాణువు చొప్పున ఆ నైట్రోజన్ పక్కన చేరి కూర్చుంటుంది. ఊడబీకే పని చేసేది అది. ఎంత తక్కువంటే, గుడ్డలో ఏముందో చూసే మన యంత్రానికి కనబడనే లేదు."

"అంటే మక్కులాగేనన్నమాట" అంది వెంకటరత్నమ్మ. "పని చేస్తది, అతుకులో దాగుంటది."

రుచిత గోడకి అంటించి ఉన్న తన వ్యాసం మొదటి పేజీ వంక చూస్తోంది. పేరులో ఉన్న "లోహరహిత" అనే మాట మీదే ఉన్నాయి కళ్ళు.

"ఇది తప్పు" అంది చివరికి. "నేను రాసింది తప్పు సార్."

"అవును" అన్నారు హుమాయూన్ గారు. "నీ అంకెలు నిజం, నువ్వు చెప్పిన కారణం అబద్ధం. కావాలని ఆడిన అబద్ధం కాదు గాని అబద్ధమే. నీ చేతుల్లో ఏం జరుగుతోందో అడగలేదు నువ్వు. ఆ నోటుబుక్కు మీద సంతకం పెట్టి నేనూ అడగలేదు. వ్యాసం వెనక్కి తీసుకోవాలి. ఎందుకు తీసుకుంటున్నామో రాయాలి."

"చింతగింజలతో సహానా?"

"రోలుతో సహా."

రుచిత ఉత్తరం రాయడానికి కూర్చుంది. ఒక వాక్యం రాసి వెంకటరత్నమ్మ వైపు తిరిగింది. "మొన్న అలా అన్నాను, మీరింకా దాస్తున్నారని..."

"దాచినట్టే కదమ్మా. నాకే తెలియకుండా దాచాను" అంది ఆమె. "రాయి ముందు."

కానీ ఉత్తరం పంపే ముందు ఇంకొకటి మిగిలింది. ఇంతవరకూ కొండ లేచిన ప్రతి గుడ్డకీ వెనక ఏదో ఒక మెట్టులో వెంకటరత్నమ్మ చెయ్యి ఉంది. ఆమె చేతిలోనే ఏదో ఉందని రేపు ఇంకెవరైనా అనొచ్చు. అందుకని ఆదివారం పూట రుచిత కొండపల్లి వచ్చి, ఆ ఇంటి వాకిట్లో ఇనపరోలు ముందు కూర్చుంది. గింజలు తనే వేయించింది, సగం మాడ్చింది. పొట్టు తనే ఊదింది, సగం మొహాన పడింది. రోకలి ఎత్తి పది దెబ్బలు వేసేసరికి అరచెయ్యి బొబ్బలెక్కింది.

"అమ్మాయిగారూ, మెల్లగా. ఆ రోలుకి మీరు చేరిన కాలేజీ కంటే వయసెక్కువ" అన్నాడు పుల్లయ్య. "ఆ నూరేది కాస్త ఎక్కువే నూరండి, నా ఏనుక్కి కూడా సరిపోవాలి."

వెంకటరత్నమ్మ గడప మీద కూర్చుంది. రోకలి పట్టు తప్పుతున్న ప్రతిసారీ ఆమె చెయ్యి ముందుకు పోబోయేది. కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

ల్యాబులోనూ అంతే. కుంచె రుచితది, కాల్చడం రుచితది. వెంకటరత్నమ్మని తలుపు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. సూది నుంచి కొలిమి దాకా రెండు రోజుల పని. ఆ రెండు రోజులూ ఆమె ల్యాబులో ఒక్క గిన్నె కూడా ముట్టుకోలేదు. పద్నాలుగేళ్ళలో ఆమెకి అంత కష్టమైన పని ఎవరూ ఇవ్వలేదు.

గుడ్డ కొంచెం గీతలు గీతలుగా వచ్చింది. గంజి ఒకచోట మందం, ఒకచోట పల్చన. ముంచారు. బుడగలు వదిలారు. కరెంటు కలిపారు. ఒకటో నిమిషం, రెండో నిమిషం. రుచిత తెర వంక చూడకుండా వెంకటరత్నమ్మ మొహం చూస్తూ నిలబడింది. మూడు. నాలుగు.

వెంకటరత్నమ్మ మొహం విచ్చుకోవడం చూసి గాని రుచిత వెనక్కి తిరగలేదు. కొండ వంకరగా, పొట్టిగా ఉంది. కానీ కొండే.

ఉత్తరం ఆ సాయంత్రమే వెళ్ళింది. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని, ఎక్కడ పొరబడ్డామో, గింజలు ఎలా వేయించాలో, దేనిలో నూరాలో అన్నీ ఉన్నాయి అందులో. గంజి పొట్లం మాత్రం పంపలేదు. మీ గింజలు, మీ రోలు, మీ చేతులతో చేసి చూడండి అని రాసింది రుచిత.

జవాబు రావడానికి ఐదు వారాలు పట్టింది. ఈలోగా నెలాఖరు వచ్చింది, పోయింది. పత్రికలో వ్యాసం పక్కన, వెనక్కి తీసుకున్నట్టు ఎర్ర అక్షరాలు పడ్డాయి. కాలేజీ క్యాంటీన్లో కొందరు రుచితని చూసి గొంతు తగ్గించడం వెంకటరత్నమ్మ గమనించింది. ల్యాబుకి తిరిగొచ్చాక బల్ల తుడిచిన గుడ్డని మామూలు కంటే గట్టిగా పిండింది.

జవాబు వచ్చిన రోజు రుచిత దాన్ని నిలబడే చదివింది. వాళ్ళు అక్కడి బజారులో ఇనపరోలు ఒకటి కొని, చింతగింజలు నూరి చేశారట. వచ్చిందట. రుచిత రాసిన అంకెల మీద తమకిక అనుమానం లేదని, ఆ మాట పత్రిక వాళ్ళకి కూడా రాస్తున్నామని చెప్పారు. రుచిత కళ్ళద్దాలు తీసి చున్నీతో తుడుచుకుంది. అద్దాలతో పాటు కళ్ళూ తుడుచుకుంది.

"అంతా బాగుంది గాని, వాళ్ళకి ఎంత వచ్చింది?" అంది వెంకటరత్నమ్మ.

"నూటికి అరవై."

"మనకి ఎనభై కదా."

"చాలు పిన్నిగారూ, అరవై అంటే చాలా ఎక్కువ. నా పేరు నిలబడింది, అది చాలు."

"నీకు చాలమ్మా, ఇవాళ్టికి" అంది ఆమె. స్టూలు జరుపుకుని హుమాయూన్ గారి బల్ల వైపు తిరిగింది. "సార్, మన గుడ్డ రోజంతా నడిస్తే ఎంత పొగ విడదీస్తుందండీ?"

"చిటికెడు ఉప్పంత బరువు."

"మా గొట్టాలు?"

"వేల లారీలు, రోజుకి."

ఆమె తలూపింది. చిటికెడుకీ లారీలకీ మధ్య ఉన్న దూరం ఆమెని నిరుత్సాహపెట్టినట్టు కనబడలేదు, కొలుచుకుంటున్నట్టు ఉంది. "మరి ఆ ఇరవై ఎక్కడ పోయినట్టు? వాళ్ళు నూరింది కొత్త రోట్లో. మాది రైలు ఇరుసు. ఇరుసులో వట్టి ఇనుమే ఉంటుందాండీ, ఇంకేమైనా కలుపుతారా?"

హుమాయూన్ గారు రాస్తున్న కలం పక్కన పెట్టారు. రుచిత కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

"రత్నమ్మ గారూ," అన్నారాయన, "రేపు వచ్చేటప్పుడు ఆ రోకలి ఒకసారి తీసుకొస్తారా?"

"రోకలి తెస్తే ఆయన ఏనుగులు తొండాలు లేకుండా ఉంటాయి" అంది వెంకటరత్నమ్మ. "పొద్దున్నే ఒక వాయి నూరిపెట్టి తెస్తాను."